ప్రశ్నల ఏరివేత ఎవరి చేతుల్లో?

ప్రశ్నించే హక్కు గురించి స్త్రీల ఉద్యమం ఎంతో మాట్లాడింది. మొగుణ్ని, కులపెద్దని, పోలీసుని, ప్రభుత్వాన్ని ప్రశ్నించిన స్త్రీల గురించి ఈ పేజీల్లో అనేకసార్లు రాసుకున్నాం. భౌతికశాస్త్రం క్లాసులో లేచి నిలబడి అడిగే ఆడపిల్ల గురించి జరిగిన చర్చ మాత్రం చాలా తక్కువ. ఆడపిల్లలూ సైన్సూ అనగానే ఎంతమంది చేరారు, ఎంతమంది పాసయ్యారు, ఎంతమంది ఇంజనీరింగుకి వెళ్ళారు అనే లెక్కలే ముందుకొస్తాయి. క్లాసులో ఏ ప్రశ్నని ప్రశ్నగా ఒప్పుకుంటున్నారు, దేన్ని "ఇది ఫిజిక్సు కాదమ్మా, కూర్చో" అని పక్కన పెడుతున్నారు, ఆ నిర్ణయం ఎవరు చేస్తున్నారు అనే సంగతి ఆ లెక్కల్లో కనపడదు.

గత ఏడాది కాలంలో మా బృందం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో ఇంటర్మీడియట్ చదువుతున్న అమ్మాయిలతో అనేకసార్లు కూర్చుంది. వీళ్ళలో ఎక్కువమంది బీడీలు చేసే తల్లుల పిల్లలు. తండ్రులు కొందరు సాంచాలు నడుపుతారు, కొందరు గల్ఫుకి పోయారు. ఇంట్లో కాలేజీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్లలు. భౌతికశాస్త్రంలో ఏం తెలుసుకోవాలని ఉందో చీటీ మీద రాయండి, పేరు రాయనక్కర్లేదు అన్నాం. జవాబులు చెప్పడానికి వచ్చిన అధ్యాపకులు ముందుగా ఆ చీటీలను కుప్పలుగా వేరు చేశారు. పాఠంలో ఉన్నవి ఒక కుప్ప. ఇదివరకే వెయ్యిమంది అడిగినవి ఒక కుప్ప. లెక్క చేసిపెట్టమన్నవి మరొకటి. ఇక చివరిది "ఫిజిక్సు కానివి". జవాబులు మొదటి కుప్పకే దొరికాయి. మిగతా మూడింటికీ రబ్బరు బ్యాండు వేసి సంచీలో పెట్టేశారు. ఈ సంపాదకీయం ఆ సంచీ గురించి.

అసలు ఏరివేతే వద్దని వాదించడం సులభం. కాని గంట సమయం, ఇద్దరు అధ్యాపకులు, చేతినిండా చీటీలు ఉన్నప్పుడు ఎవరో ఒకరు వాటిని చూసి వరస పెట్టక తప్పదు. పుస్తకంలోని లెక్కని ఉన్నదున్నట్టు దించి "ఇది చెయ్యండి" అన్న చీటీకి జవాబిస్తే, రాసిన పిల్లకి మిగిలేది రేపు నోట్సులోకి ఎక్కించుకునే నాలుగు లైన్లు. ఎక్కడ ఆగిపోయావో చెప్పు, అక్కణ్ణించి చూద్దాం అనడం మంచి నియమమే. అయితే అది అందరి మీదా ఒకేలా పనిచెయ్యదు. ట్యూషనుకి వెళ్ళే పిల్ల "ఘర్షణ బలం ఏ దిశలో ఉంటుందో తెలియక ఆగిపోయాను" అని రాయగలదు. సాయంత్రం ఇంటికొచ్చి తల్లితో పాటు చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చునే పిల్లకి లెక్క మొత్తం ఒకే చీకటి. ఎక్కడ అర్థం కాలేదో చెప్పగలగడం చదువులో చాలా దూరం వచ్చాక అబ్బే విద్య. నియమం పెట్టేవాళ్ళు దాన్ని గుమ్మం దగ్గరే అడుగుతున్నారు.

"ఫిజిక్సు కానివి" కుప్పలో సిరిసిల్ల నుంచి వచ్చిన ఒక చీటీ ఇది: "సాంచెల నాడె అటు కొట్టంగనే పోయి ఆగుతది. మల్ల అటు నుంచి ఇటు వస్తది, ఆగుతది. ఆగినప్పుడల్ల దాని జోరు ఎటు పోతది?"

చదివిన అధ్యాపకుడు "జోరు" అన్న మాటని మర్యాదగా "వేగం" అని మార్చి చదివారు. నాడె ఆగితే వేగం సున్నా అవుతుంది, ఎటు పోవడమేమిటి, అర్థం లేని ప్రశ్న, అదీగాక యంత్రాల సంగతి ఐటీఐ వాళ్ళనడగాలి అన్నారు. చీటీ సంచీలోకి పోయింది. ఆయన మంచి అధ్యాపకుడే, పిల్లల్ని కసురుకునే మనిషి కాదు. కాని ఆ పిల్ల వేగం అనలేదు, జోరు అంది. నాడెలో ఉన్న ఏదో ఒకటి మాయమవడానికి వీల్లేదని, ఎక్కడికో పోయి ఉండాలని ఆమెకి తట్టింది. దాన్ని పుస్తకం గతిశక్తి అంటుంది. శక్తి నశించదు, రూపం మారుతుంది అనే నియమం దగ్గరికి ఆ పిల్ల తన కాళ్ళతో తను నడిచి వచ్చింది. సవరించిన చెయ్యే ఆ ప్రశ్నని చంపేసింది.

దానికి జవాబు చాలా ఆసక్తిగా ఉంటుంది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం. నాడె బరువు అరకిలోకి అటూ ఇటూ ఉంటుంది. అది ఒకసారి అటు పోయి వేసే నూలుపోగు బరువు గ్రాములో చిన్న భాగం. ఆ కాస్త పోగు కోసం అంత బరువైన చెక్కని నిమిషానికి వందసార్లకు పైగా విసరాలి, విసిరిన ప్రతిసారీ ఆపాలి. విసరడానికి వాడిన కరెంటులో నూలుకి చెందేది దాదాపు ఏమీ లేదు. నాడె ఆగే చోట చెక్క, తోలు వేడెక్కుతాయి, సాంచె అదురుతుంది, నేల అదురుతుంది, మిగిలింది చప్పుడు. సిరిసిల్ల కార్ఖానాల పక్క గల్లీలో మనుషులు ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడుకునేది ఆ ఆగిన నాడెల జోరు వల్లనే. నాడె లేని మగ్గాలు, అంటే రేపియర్, ఎయిర్‌జెట్ వంటివి రావడానికి ఒక ముఖ్య కారణం ఇదే. బరువైన దాన్ని విసిరి ఆపే ఖర్చు లేకుండా పోగుని మాత్రం దాటించడమెలా అని ఇంజనీర్లు తల బద్దలు కొట్టుకున్నారు. వాళ్ళూ అడిగింది ఈ చీటీలో ఉన్నదే.

అదే ఊరి నుంచి ఇంకో చీటీ. "ఒక సాంచె చప్పుడు తొంబై అంటే రెండిటికి నూట ఎనబై కావాలె గద?" దీనికి గదిలో నవ్వారు. నవ్వదగ్గది ఇందులో ఏముంది? ఒకే తీరు సాంచెలు రెండు కలిస్తే చప్పుడు 93 డెసిబెల్‌లు అవుతుంది, పది కలిస్తే 100. ఎందుకంటే డెసిబెల్ కూడికల కొలత కాదు, పదో తరగతి లెక్కల్లో వచ్చే సంవర్గమానాల కొలత. ఆ సంవర్గమానాలు నిత్యజీవితంలో ఎక్కడ పనికొస్తాయని పిల్లలు అడిగితే ఎవరూ చెప్పరు. ఇక్కడ వెతుక్కుంటూ వచ్చిన పిల్లని చూసి నవ్వారు. 90 నుంచి 93కి పెరిగింది మూడే కదా అనుకుంటాం, కాని చెవి మీద పడే శబ్దశక్తి అప్పటికే రెండింతలు. కార్ఖానాలో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషికి చెవులు ఎందుకు మందగిస్తాయో, నష్టపరిహారం అడగడానికి ఏం కొలవాలో తెలియాలంటే ఈ ప్రశ్న నుంచే మొదలుపెట్టాలి. కండెలు చుట్టే ఆడవాళ్ళు అదే కప్పు కింద కూర్చునేచోట వాళ్ళ చెవుల సంగతి అసలు ఎవరూ ఎత్తరు.

కోరుట్లలో ఒక పిల్ల దుమ్ము గురించి రాసింది. పొద్దున కిటికీలోంచి ఎండ పడ్డప్పుడు తంబాకు దుమ్ము గాలిలో తేలుతూ కనపడుతుంది, కింద పడదేం? భూమి దాన్ని గుంజదా? ఇది కూడా "కానివి" కుప్పలోకే పోయింది. పుస్తకంలో స్నిగ్ధత పాఠంలో చరమవేగం ఉంది, వాన చినుకు ఉదాహరణ ఉంది. తంబాకు లేదు. భూమి గుంజుతూనే ఉంటుంది, గాలి ఆపుతూ ఉంటుంది. రేణువు ఎంత చిన్నదైతే దాని చరమవేగం అంత తగ్గిపోతుంది, అదీ వ్యాసార్థం వర్గాన్ని బట్టి. మిల్లీమీటరులో వందో వంతు ఉన్న రేణువు సుమారుగా సెకనుకి మూడు మిల్లీమీటర్ల చొప్పున దిగుతుంది. దానికన్నా పది రెట్లు చిన్నదైతే వేగం వంద రెట్లు తగ్గిపోతుంది. గాలి కదలకుండా ఉన్నా సరే మనిషి ఎత్తు నుంచి నేల చేరడానికి సగం రోజు దాటుతుంది. బీడీలు చేసే ఇంట్లో సాయంత్రం చాటలు ఎత్తి, ఊడ్చి, పొయ్యి ముట్టించి, పిల్లల్ని పడుకోబెట్టే ఆడమనిషి, పని ఆగిపోయిందనుకున్న ఆ గంటలన్నీ ఆ గాలినే పీలుస్తోంది. పని గంటలు ఎక్కడ ముగుస్తాయి అని మనం సమాజశాస్త్రంలో పెద్ద పెద్ద వ్యాసాలు రాశాం. చరమవేగం సూత్రంతో ఆ మాట రెండు లైన్లలో చెప్పవచ్చు.

ఇక వెయ్యిసార్లు అడిగిన కుప్ప. జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలు చాలామంది ఒకటే రాశారు: తీగ మీద వాలిన పిట్టకి షాక్ రాదు, తడి బట్టలు ఆరేసే అమ్మకి ఎందుకొస్తుంది? దీనికి జవాబు ప్రతి గైడులో ఉంది, మళ్ళీ ఎందుకు అన్నారు. గైడులో పిట్ట గురించి ఉంది. పిట్ట రెండు కాళ్ళూ ఒకే తీగ మీద ఉన్నాయి, వాటి మధ్య పొటెన్షియల్ తేడా దాదాపు లేదు, అంతే. అమ్మ గురించి లేదు. పొడిగా ఉన్న చర్మం నిరోధం లక్ష ఓమ్‌ల దాకా ఉండవచ్చు, తడిస్తే వెయ్యికి పడిపోవచ్చు. 230 వోల్టుల దగ్గర మొదటి మనిషి గుండా పోయేది రెండు మిల్లీ ఆంపియర్ల పైచిలుకు, రెండో మనిషి గుండా 230. గుండె లయ తప్పడానికి వంద చాలు. ఇనప తీగ దండెం, పక్కనే తొక్క ఊడిన సర్వీసు వైరు, చెప్పుల్లేని కాళ్ళు, తడి నేల, తడి చేతులు. ఈ అన్నీ కలిసే చోట ఉండేది ఎవరో చెప్పనక్కర్లేదు. 30 మిల్లీ ఆంపియర్లు నేలలోకి కారగానే కరెంటు కట్ చేసే స్విచ్చి ఒకటి ఉంటుందని ఆ గదిలో ఒక్క పిల్లకీ తెలియదు. వెయ్యోసారి అడిగిన ప్రశ్న అడిగిన పిల్లకి మొదటిసారే. జవాబు ఎక్కడో ఉండటం వేరు, ఆమెకి అందటం వేరు.

గ్రహణం గురించిన చీటీలని మతవిశ్వాసాల జోలికి పోవద్దని పక్కన పెట్టారు. గర్భిణి కదిలితే బిడ్డకి పెదవి చీలుతుందంటారు, నిజమేనా అన్నది ప్రశ్న. పెదవి చీలికకి మన భాషలో "గ్రహణం మొర్రి" అనే పేరే ఉంది, అంటే నింద పేరులోనే తల్లి మీద పడింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలంగాణ మీదుగా పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ సంపూర్ణ నీడలోనే ఉంది, శాస్త్రజ్ఞులు అక్కడ చేరారు. చంద్రుడి నీడ ఎంత వేగంతో పోతుంది, ఆ నీడలో ఉన్నవాళ్ళ మీద ఏదైనా కొత్త కిరణం పడుతుందా అనేది నూటికి నూరుపాళ్ళు భౌతికశాస్త్రం. నీడలో వెలుతురు తగ్గుతుంది, కొత్తగా వచ్చేది ఏమీ లేదు. కళ్ళకి రక్షణ లేకుండా సూర్యుణ్ణి చూడకూడదన్నది ఒక్కటే నిజమైన జాగ్రత్త, అది ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకటే. ఈ మాట చెప్పడానికి జంకే సైన్సు ఇంకేం చెబుతుంది?

ఒక చీటీలో "ఆడోల్లకు ఫిజిక్స్ రాదంటరు, నిజమేనా సార్" అని ఉంది. అది అన్నిటికన్నా ముందు సంచీలోకి పోయింది. దానికి జవాబుగా చరిత్ర చెప్పవచ్చు. అన్నా మణి బెంగుళూరులో సి.వి. రామన్ దగ్గర వజ్రాల, కెంపుల కాంతి మీద పరిశోధన చేసి 1945లో సిద్ధాంత గ్రంథం సమర్పించింది. ఎమ్మెస్సీ లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇవ్వలేదు. తర్వాత ఆమె భారత వాతావరణ శాఖలో పరికరాల తయారీని నిలబెట్టింది. ఇక కేంబ్రిడ్జిలో జోసిలిన్ బెల్ 1967లో రేడియో టెలిస్కోపు కాగితం మీద ఒక చిన్న గీతల గజిబిజి చూసి ఇదేమిటని అడిగింది. గైడు మొదట అది మనుషులు చేసే ఏదో గోల, సంకేతాల్లో కలిసిందన్నాడు. ఆమె మళ్ళీ మళ్ళీ ఆ కాగితం దగ్గరికే పోయింది. అవి పల్సార్లని తేలింది. 1974లో నోబెల్ బహుమానం ఆమె గైడుకీ ఇంకొకరికీ వచ్చింది. మనకి ఇక్కడ పట్టించుకోవలసింది బహుమానం కంటే ఆ కాగితం. పనికిరాదన్న దాన్ని పారెయ్యలేదు, తిరిగి చూసుకునే వీలుంది కాబట్టే ఆమె మాట నెగ్గింది. మన పిల్లల చీటీలకి ఆ వీలు లేదు.

ఈ ప్రాంతానికి ప్రశ్న కొత్త కాదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీలు వేలాదిగా జైత్రయాత్ర చేశారు. వెట్టినీ, దొరల గడుల పెత్తనాన్నీ నిలదీసిన కాలమది. ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అడగడాన్నే కల్లోలమన్న నేల మీద పెరిగిన తల్లులు ఆడపిల్లకి "గట్టిగ అడగకు బిడ్డ" అని చెప్పడంలో వింతేమీ లేదు. స్త్రీల శరీరాల గురించిన సందేహాలు కూడా ఒకప్పుడు వైద్యశాస్త్రం కిందికి రావన్నారు. 1991లో "సవాలక్ష సందేహాలు" తెలుగులో వచ్చాక ఆ మాట అనడం కష్టమైంది. భౌతికశాస్త్రానికి అటువంటి పుస్తకం ఇంకా రాలేదు.

భాష సంగతి. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. దాన్ని వ్యతిరేకించడం మా ఉద్దేశం కాదు, దళిత బహుజన తల్లిదండ్రులు ఎందుకు కోరుకుంటున్నారో మనకి తెలుసు. కాని సాంచె అన్న పిల్లని ముందు మరమగ్గం అనమని, ఆ తర్వాత పవర్‌లూమ్ అనమని చెప్పి, ఆ రెండు మెట్లూ ఎక్కాకే ప్రశ్న వింటామంటే సగం దారిలోనే ప్రశ్న జారిపోతుంది. జోరుకి జరిగింది చూశాం.

ఈ పిల్లల తల్లులకి ఏరివేత అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. పొద్దంతా చేసిన బీడీలు తీసుకుపోతే టేకేదారు కట్టలు విప్పి చూసి, ఇవి పొట్టివి, ఇవి వదులువి అని తీసి పక్కన పడేస్తాడు. తీసేసినవాటికి కూలి లేదు. ఆ దోపిడీ మీద ఏళ్ళ తరబడి పోరాటాలు జరిగాయి. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం 39వ సెక్షన్లో ఒక మాట ఉండేది: తీసేసిన బీడీల గురించి తగాదా వస్తే తేల్చడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒక అధికారిని నియమించాలి, ఆ తీర్పు మీద అప్పీలుకి కూడా వీలుండాలి. ఎంతమంది ఆడవాళ్ళు ఆ అధికారి గడప తొక్కగలిగారన్నది వేరే చర్చ. 2025 నవంబరులో కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి రావడంతో ఆ చట్టమే పోయింది. అయినా ఏరేసేవాడి మాటే ఆఖరు మాట కాకూడదనే సూత్రాన్ని ఒక బీడీ విషయంలో ఈ దేశం ఒప్పుకుంది. ఆ బీడీ చేసిన చేతుల మధ్య పెరిగిన పిల్ల ప్రశ్న విషయంలో ఎందుకు ఒప్పుకోదు?

మా బృందం అధ్యాపకులతో కూర్చుని కొన్ని ఒప్పందాలు చేసుకుంది. పక్కన పెట్టిన ప్రతి చీటీ వెనకా ఎందుకు పెట్టారో ఒక వాక్యం రాయాలి. "ఫిజిక్సు కాదు" అన్నది కారణం కింద చెల్లదు, మరేమిటో, ఎవరినడగాలో రాయాలి. చీటీ రాసిన పిల్లకి దాన్ని మార్చి మళ్ళీ వేసే అవకాశం ఉండాలి. ఆమె మాటలని మార్చి చదవకూడదు, అర్థం కాకపోతే అడగాలి. వేరు చేసేవాళ్ళలో కనీసం సగం మంది స్త్రీలుండాలి, వాళ్ళలో ఒకరు సాంచె పనో బీడీ పనో తెలిసినవాళ్ళయి ఉండాలి. ఈ చివరి దాని దగ్గర అధ్యాపకులు కొంచెం నొచ్చుకున్నారు. బీడీలు చేసే ఆమెకి ఫిజిక్సు ప్రశ్న మంచిదో కాదో ఎట్లా తెలుస్తుంది అన్నారు. తెలియకపోవచ్చు. దుమ్ము ప్రశ్న చూడగానే అది ఎవరి ఊపిరి గురించో ఆమెకి తెలుస్తుంది, అక్కడ ఉన్న ఇంకెవరికీ తెలియలేదు.

ఆ సంచీ ఇప్పుడు మా దగ్గరుంది. వచ్చే సంచిక నుంచి అందులోని చీటీలని రాసినవి రాసినట్టుగా, జవాబులతో సహా అచ్చువేస్తాం. భౌతికశాస్త్రం చెప్పే స్త్రీలు, రిటైరైనవాళ్ళు కూడా, జవాబులు రాయడానికి ముందుకు రావాలని కోరుతున్నాం. కొత్త ప్రశ్నలు పంపేవాళ్ళు తమ ఊరి పేరు, ఇంట్లో ఏ పని చేస్తారో రాస్తే చాలు. పేరు అక్కర్లేదు. తెలుగు ఎట్లా వస్తే అట్లా రాయవచ్చు.